షిప్పులో మొదలైన బీపీని ఒడ్డున మొదలైందని రాశారు: ఒక నేవీ చీఫ్ పెట్టీ ఆఫీసర్ గారి డిజబిలిటీ పెన్షన్ అప్పీల్

నేను వైజాగ్‌లో ప్రాక్టీసు చేసే లాయర్ని. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం మాజీ సైనికుల పెన్షన్ గొడవలే. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు కదా, మల్కాపురం, సింధియా, గాజువాక, గోపాలపట్నం వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక రిటైర్డ్ సెయిలర్ ఇల్లు తగులుతుంది, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఆర్మీకి వెళ్లొచ్చినవాళ్లు కూడా ఏ పనికైనా ఇక్కడికే వస్తారు. వాళ్లలో చాలామంది చేతిలో ఒకే రకం లెటర్ ఉంటుంది: మీకు జబ్బు ఉన్నమాట నిజమే కానీ దానికీ మీ సర్వీసుకీ సంబంధం లేదు, కాబట్టి డిజబిలిటీ పెన్షన్ రాదు అని. ఆ లెటర్ చూసి సరేలే అనుకుని ఊరుకున్నవాళ్లు ఎంతమందో. ఈ కేసులో చీఫ్ గారు కూడా కొన్నేళ్లు అలాగే ఊరుకున్నారు. ఆయన అనుమతి తీసుకుని, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

చీఫ్ గారు 1995లో నేవీలో చేరారు, ఇంజిన్ రూమ్ పని. 2017 జూలైలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా (సెయిలర్లలో ఒక పెద్ద ర్యాంకు) దిగిపోయారు, అంటే రిటైరయ్యారు. చేరేటప్పుడు చేసిన మెడికల్‌లో ఏ లోపమూ లేదు. 2010లో బీపీ బయటపడింది, అప్పటి నుంచి లో మెడికల్ కేటగిరీ (అన్ని డ్యూటీలకీ ఫిట్ కాదని), రోజూ మాత్రలు. దిగిపోయే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే దిగేవాళ్లని పరీక్షించే మిలిటరీ డాక్టర్ల బోర్డు, కూర్చుంది. ప్రైమరీ హైపర్‌టెన్షన్ (బీపీ) ఉందని, వైకల్యం 30 శాతం అని, అది జీవితాంతం ఉండేదే అని బోర్డే రాసింది. పక్క గడుల్లో మాత్రం సర్వీసు వల్ల వచ్చిందా అంటే కాదు, సర్వీసు వల్ల ముదిరిందా అంటే కాదు అని రాసి, కారణం దగ్గర ఒక్క ముక్క పెట్టింది: పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఇడియోపతిక్. పీస్ స్టేషన్ అంటే యుద్ధ వాతావరణం లేని మామూలు చోటు, ఇడియోపతిక్ అంటే ఎందుకొచ్చిందో తెలియని జబ్బు అని.

రూలు రెండు మెట్లు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, అది సర్వీసు వల్ల వచ్చిందైనా అయ్యుండాలి, సర్వీసు వల్ల ముదిరిందైనా అయ్యుండాలి. మొదటి మెట్టు చీఫ్ గారు దాటేశారు, రెండోదాని దగ్గరే ఆగిపోయారు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది "నాకు పెన్షన్ వస్తోంది కదండీ, మళ్లీ ఇంకో పెన్షన్ ఏమిటి" అని అడుగుతారు. మీకు నెలనెలా వచ్చేది సర్వీసు చేసినందుకు వచ్చే పెన్షన్. వైకల్యానికి వచ్చేది దాని మీద అదనం, దాన్ని డిజబిలిటీ ఎలిమెంట్ అంటారు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. చివరి జీతం 50,000 అనుకుంటే నూరు శాతానికి 15,000, 30 శాతం వైకల్యానికి 4,500. ఇక్కడ ఇంకో మంచి రూలు ఉంది. 2001 జనవరి 31న రక్షణ శాఖ ఇచ్చిన లెటర్ ప్రకారం 50 శాతం లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, అది దాటితే 100గా లెక్క కడతారు. కాబట్టి 30 శాతం కాస్తా 50 అవుతుంది, 4,500 కాస్తా 7,500 అవుతుంది, దాని మీద డీఆర్ (పెన్షన్‌దారులకిచ్చే కరువు భత్యం) వేరు. ఈ రౌండాఫ్ జబ్బు కారణంగా మధ్యలో బయటికి పంపినవాళ్లకే తప్ప టెర్మ్ పూర్తి చేసి దిగినవాళ్లకి లేదని చాలాకాలం వాదించారు. 2014 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు రామ్ అవతార్ కేసులో ఆ తేడా చెల్లదని తేల్చింది.

చీఫ్ గారు మొదటి అప్పీల్ తానే రాసుకున్నారు. ఆ కాపీ చూశాను. మాత్రల ఖర్చు, పిల్లల చదువులు, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇరవై రెండేళ్లు దేశానికి చేసిన సేవ, అన్నీ ఉన్నాయి. ప్రతి మాటా నిజమే, చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ బోర్డు పెట్టిన కారణం గురించి అందులో ఒక్క వాక్యం లేదు, ఎందుకంటే బోర్డు పెట్టిన కారణం ఏమిటో ఆయనకి తెలీదు. బోర్డు కాగితాల కాపీ ఆయన దగ్గర లేదు. తీర్పు చూడకుండా అప్పీల్ వేసినట్టయింది. దానికి వచ్చిన జవాబు కూడా అంత పొట్టిగానే వచ్చింది: మెడికల్ బోర్డు అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాం, తిరస్కరిస్తున్నాం. ఆయన దాన్ని మడిచి పెట్టెలో పెట్టేశారు.

2021 చివర్లో వాళ్లావిడ ఆ పెట్టెతో సహా ఆయన్ని తీసుకొచ్చింది. తీసుకొచ్చింది అనే అనాలి, ఆయనకి రావడం ఇష్టం లేదు. "నలుగురూ ఏమనుకుంటారు సార్, బీపీకి కూడా డబ్బులు అడుగుతున్నాడంటారు" అన్నారు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. గాయం కనబడితేనే వైకల్యం అనే ఆలోచన మనవాళ్లలో అంతగా పాతుకుపోయింది. ఆవిడ మాత్రం ఒకటే అడిగింది: "ఈయనకి తలనొప్పి మొదలయింది షిప్పులో ఉండగానండి, ఇంటికి వచ్చాక కాదు. నాకు ఫోన్లో చెప్పారు కూడా. మరి వీళ్లు వైజాగ్‌లో వచ్చిందని ఎలా రాశారు?"

కేసు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎందుకంటే మిలిటరీ డాక్టర్లు ఇలాంటి అభిప్రాయం రాయడానికి రక్షణ శాఖదే ఒక గైడ్ ఉంది, గైడ్ టు మెడికల్ ఆఫీసర్స్, 2002 నాటిది, 2008లో సవరించారు. దాని 43వ పేరాలో ప్రైమరీ హైపర్‌టెన్షన్ గురించి స్పష్టంగా ఉంది: ఫీల్డ్ ఏరియాలో, ఎత్తైన కొండ ప్రాంతాల్లో, తీవ్రవాద వ్యతిరేక ఆపరేషన్లలో, లేదా ఎక్కువకాలం షిప్పుల మీద పనిచేస్తుండగా మొదలైతే దాన్ని సర్వీసు వల్ల ముదిరినదిగా పరిగణించాలి. టైప్ 2 షుగర్‌కి కూడా దాదాపు ఇదే లెక్క, అది 26వ పేరా. అంటే బీపీ ఎందుకొచ్చింది అని ఎవరూ నిరూపించక్కర్లేదు, అది మొదలైనప్పుడు మనిషి ఎక్కడున్నాడు అన్నదే ప్రశ్న. బోర్డు షీట్‌లో మొదలైన చోటు, తేదీ అని ఉండే ఆ చిన్న గడి మీదే నెలకి ఏడెనిమిది వేల రూపాయలు ఆధారపడి ఉంటాయి, బోర్డు ముందు కూర్చున్నవాడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ముందు కాగితాలు రాబట్టాలి. సమాచార హక్కు చట్టం కింద ఆయన పేరుతోనే దరఖాస్తు పెట్టించాను, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, పీపీవో (పెన్షన్ మంజూరు ఆర్డరు) కాపీ, ఐడీ కాపీ జత. అడిగినవి: రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ అన్ని పేజీలూ, చేరినప్పటి మెడికల్, ఏటా చేసే మెడికల్ ఎగ్జామినేషన్ కాగితాలు, 2010 నాటి కేస్ షీట్లు, ఏ షిప్పులో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో చూపే ట్రాన్స్‌ఫర్ల రికార్డు. ఫలానా తేదీన షిప్పు ఎక్కడుందో చెప్పండి అని మాత్రం అడగనివ్వలేదు. షిప్పు కదలికలు అడిగితే దేశ భద్రత అని సెక్షన్ 8 చూపించి దరఖాస్తు మొత్తాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. మనిషి తన సొంత ఆరోగ్యం కాగితాలు తాను అడిగితే కాదనడం కష్టం. ఈ తేడా తెలియక దరఖాస్తు చెడగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

వచ్చిన కట్టలో ఎక్కువ భాగం పనికిరానివి. మధ్యలో ఒక పేజీ, సగం వెలిసిపోయిన జిరాక్స్. షిప్పు సిక్ బేలో, అంటే షిప్పులోని చిన్న వైద్యం గదిలో, చేత్తో రాసిన ఎంట్రీ అది. తలనొప్పి, కళ్లు తిరగడం అని రాసి, బీపీ 150 బై 100, సాయంత్రం మళ్లీ చూస్తే 154 బై 102, రెస్ట్, హార్బర్ చేరాక ఆస్పత్రికి పంపాలి. కింద మెడికల్ అసిస్టెంట్ సంతకం, షిప్పు ముద్ర. తేదీ చూస్తే ఆస్పత్రిలో చేరడానికి పదకొండు రోజుల ముందుది. ఆస్పత్రి వాళ్లు తమ దగ్గర చేరిన తేదీనే జబ్బు మొదలైన తేదీగా రాశారు, ఊరి పేరు విశాఖపట్నం అని రాశారు. ఏడేళ్ల తర్వాత కూర్చున్న మెడికల్ బోర్డు వెనక పేజీలు తిప్పకుండా అదే ఎత్తి రాసింది. విశాఖపట్నం అంటే పీస్ స్టేషన్, కాబట్టి సర్వీసుకి సంబంధం లేదు. అంతే జరిగింది. ఎవరికో చీఫ్ గారి మీద కక్ష ఉండి కాదు, ఒక తేదీని ఎత్తి రాయడంలో జరిగిన నిర్లక్ష్యం అది, దాని ఖరీదు మాత్రం ఆ కుటుంబం కట్టింది. "ఎంట్రీ రాసిన కుర్రాడు నాకు గుర్తున్నాడు సార్" అన్నారు చీఫ్ గారు ఆ పేజీ చూసి. అప్పటిదాకా ఆయన నాతో ముభావంగానే ఉన్నారు, ఆ రోజు నుంచి తన కేసు తనే నడిపారు.

ఈ పేజీ దొరికింది కదా, ఇక గెలిచినట్టే అనుకోకండి. కట్టలో మనకి వ్యతిరేకమైనవి కూడా రెండు ఉన్నాయి. ఒకటి, తండ్రికి బీపీ ఉందని బోర్డు షీట్‌లో ఉంది. అడిగారు, ఆయన నిజం చెప్పారు. రెండోది ఇంకా గట్టిది, దిగిపోయే నాటికి ఆయన ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. కేసులో ప్రభుత్వం తరఫున వేసే జవాబులో, అంటే కౌంటర్‌లో, ఇవి రెండూ తప్పకుండా వస్తాయి, వంశపారంపర్యం, లైఫ్‌స్టైల్ అని. అందుకే ఏటా చేసిన మెడికల్ కాగితాలన్నీ వరసగా పెట్టి ఒక్కో ఏడాది బరువు ఒక కాగితం మీద రాయించాను. 2010 వరకు ప్రతి ఏడూ బరువు పరిమితిలోనే ఉంది. పెరగడం మొదలైంది 2014లో, అప్పటికి బీపీ వచ్చి నాలుగేళ్లయింది, లో మెడికల్ కేటగిరీలో ఒడ్డు మీద కూర్చునే డ్యూటీకి మార్చాక. తర్వాత వచ్చిన బరువు ముందు వచ్చిన బీపీకి కారణం ఎలా అవుతుంది? ఒక పేజీ పట్టిక చేసి ఆ కాగితాలతో జత చేశాం. ఇలాంటి కేసులో ఎదుటివాళ్లకి బలమైన పాయింట్ ఏదైతే ఉందో దాన్ని మనమే ముందు బయటపెట్టి జవాబు చెప్పడం మంచిదని నా నమ్మకం, దాచి పెట్టి కూర్చుంటే వాదన రోజు టెన్షన్ మనకే. తండ్రి బీపీ గురించి కూడా దాచలేదు. అది ఉన్నా చేరేటప్పుడు ఈయన్ని ఫిట్ అని తీసుకున్నది మీరే, పదిహేనేళ్లు ఏమీ లేదు, షిప్పులో ఉండగా వచ్చింది అన్నాం.

ఇక్కడ చీఫ్ గారితో చిన్న గొడవ అయింది. ఇన్నేళ్లు ఇంజిన్ రూమ్ రొదలో పనిచేసి ఆయనకి వినికిడి తగ్గింది, ఎదురుగా కూర్చుంటేనే కానీ మన మాట అందదు. అదీ ఈ అప్పీల్‌లోనే పెట్టండి అని పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. రిలీజ్ మెడికల్ బోర్డు షీట్‌లో చెవి గురించి ఒక్క మాట లేదు. బోర్డు చూడని జబ్బుని బోర్డు మీద వేసే అప్పీల్‌లో కలిపితే, ఈ మనిషి ఏది దొరికితే అది అడుగుతున్నాడనే అనుమానం వస్తుంది, గట్టిగా ఉన్న బీపీ పాయింట్ కూడా పలచబడుతుంది. దిగిపోయాక బయటపడిన జబ్బులకి వేరే దారి ఉంది, దాన్ని విడిగా చూద్దాం అన్నాను. రెండు వారాలు ఫోన్ చేయలేదు. తర్వాత వాళ్లావిడ సర్దిచెప్పినట్టుంది, వచ్చి సంతకం పెట్టారు.

రెండో అప్పీల్ 2022లో పంపాం, ఆలస్యానికి కారణాలు రాసి మన్నించమని కోరుతూ. ఈసారి కష్టాలు ఏవీ రాయలేదు. సిక్ బే పేజీ, ట్రాన్స్‌ఫర్ల రికార్డులో ఆ తేదీకి ఆయన షిప్పు మీదే ఉన్నట్టు చూపే లైను, అంతకు ముందు ఆయన షిప్పుల మీద గడిపిన ఏళ్లు, 43వ పేరా, బరువు పట్టిక. మొత్తం కొద్ది పేజీలే. జవాబు రాలేదు. ఆరు నెలలు చూసి ట్రిబ్యునల్‌కి వెళ్లాం. సైనిక దళాల ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న దారులన్నీ అయిపోయాకే రావాలని అందులోని 21వ సెక్షన్ చెబుతుంది, ఆరు నెలలు జవాబు ఇవ్వకపోతే ఆ దారి అయిపోయినట్టే లెక్క. మన ఆంధ్రా కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి, కాబట్టి అక్కడి లాయర్ ఒకర్ని కలుపుకుని 2023 మొదట్లో ఓఏ (ట్రిబ్యునల్‌లో వేసే అసలు దరఖాస్తు) వేశాం, దాంతోపాటు ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్.

ఆలస్యం గురించి భయపడి అసలు రానేరాని వాళ్ల కోసం ఇది చెప్పాలి. పెన్షన్ ఇవ్వకపోవడం అనేది ఒక రోజుతో అయిపోయే తప్పు కాదు, ప్రతి నెలా కొత్తగా జరుగుతూనే ఉంటుంది. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఆలస్యమైనా కేసు వినొచ్చు, కానీ అరియర్స్ (పాత బాకీ) మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్ల వరకే. చీఫ్ గారు 2017లో దిగి 2023లో కేసు వేశారు, మధ్యలో సుమారు రెండున్నరేళ్ల డబ్బు పోయినట్టే. ఇంకో సంగతి, 2008 ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ (ఈ పెన్షన్‌కి ఎవరు అర్హులో చెప్పే రూల్స్) కింద మామూలుగా నిరూపించాల్సిన భారం మాజీ సైనికుడి మీద ఉండదు, కానీ దిగిపోయి పదిహేనేళ్లు దాటి, రికార్డులు నాశనం చేసే గడువు కూడా అయిపోయాక వస్తే ఆ భారం మీ మీదికి వస్తుంది. మీ పెట్టెలో ఉన్న కాగితాలు మినహా ఇంకేమీ మిగలని పరిస్థితి అది.

కౌంటర్‌లో అనుకున్నవే వచ్చాయి. వంశపారంపర్యం, లైఫ్‌స్టైల్, మెడికల్ బోర్డు నిపుణుల మాటే ఆఖరు. ఈ చివరి వాదన తేలిగ్గా తీసేసేది కాదు, దామోదరన్ కేసులో 2009లో సుప్రీంకోర్టు బోర్డు అభిప్రాయానికి ప్రాధాన్యం ఇవ్వాలనే చెప్పింది. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో స్కిజోఫ్రేనియాకి పెన్షన్ నిరాకరించింది, సర్వీసులో ఉండగా బయటపడినంత మాత్రాన సర్వీసుకి అంటగట్టలేం అంది. మనవాళ్లలో కొందరు ధరమ్‌వీర్ సింగ్ పేరు చెబితే చాలు కేసు గెలుస్తాం అనుకుంటారు, అలా ఉండదు. ధరమ్‌వీర్ సింగ్ 2013 జూలైలో వచ్చిన తీర్పు, చాలా గొప్పది: చేరేటప్పుడు ఏ జబ్బూ రాయలేదంటే ఆరోగ్యంగా చేరినట్టే, అనుమానం ఉంటే దాని లాభం సైనికుడికే, బోర్డు కారణాలు రాయాలి. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసు దాన్నే ఇంకా గట్టిపరిచింది. కానీ ఇవి పనిచేసేది బోర్డు ఎక్కడ తప్పిందో మీరు పేజీ నంబరుతో చూపించినప్పుడు. బోర్డు మాటకి ప్రాధాన్యం ఇవ్వాల్సిందే, కాదనలేదు మేము, బోర్డు తన ముందున్న సిక్ బే పేజీని చూసి ఈ మాట రాసిందా అని మాత్రం అడిగాం. కౌంటర్‌లో ఆ పేజీ గురించి ప్రస్తావనే లేదు. ఎక్కువకాలం షిప్పు మీద ఉండగా వస్తే ముదిరినట్టు లెక్కేయమని మీ గైడే చెబుతుంటే, షిప్పు మీద వచ్చినట్టు మీ రికార్డే చెబుతుంటే, దీన్ని కాదనడానికి ఇంకో కారణం ఏదీ అన్నది వాదన. విచారణ రోజు మాట్లాడింది ఎక్కువసేపు కాదు. చీఫ్ గారు ముందు రోజే కోరమాండల్ ఎక్కి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, ఏం జరుగుతోందో ఆయనకి సగం వినబడలేదు, బయటికి వచ్చాక అంతా మళ్లీ చెప్పాను.

2024లో ఆర్డరు వచ్చింది. బీపీ సర్వీసు వల్ల ముదిరినదే, 30 శాతం జీవితాంతం, రౌండాఫ్ చేసి 50, ఓఏ వేసిన తేదీకి మూడేళ్ల ముందు నుంచి అరియర్స్, నాలుగు నెలల్లో ఇవ్వకపోతే 8 శాతం వడ్డీ. సర్వీసు వల్ల వచ్చిందని అనిపించుకోలేదు, సర్వీసు వల్ల ముదిరిందని అనిపించుకున్నాం, డబ్బు లెక్కలో మాకు అదే సరిపోయింది. మేము ఓఏలోనూ అంతే అడిగాం.

ఇప్పుడు దిగిపోతున్న వాళ్లకి ఒక హెచ్చరిక. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్, కొత్త మెడికల్ గైడ్ వచ్చాయి, ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అని కొత్త పద్దు పెట్టారు. నేను పైన చెప్పినవి అంతకు ముందు దిగినవాళ్లకి వర్తించే పాత రూల్స్. ఆ తేదీ తర్వాత దిగినవాళ్లు ఈ కేసు చూపించి నాకూ ఇలాగే వస్తుంది అనుకోకండి, మీ కాగితాలు కొత్త రూల్స్ పక్కన పెట్టి చూసుకోవాలి. ఏ రూల్స్ కింద దిగినా బోర్డు ముందు సంతకం పెట్టే ముందు ఆ చోటు, తేదీ గడి చదవండి. తప్పుంటే అక్కడే మీ పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రాయండి, షిప్పు పేరుతో, సిక్ బేకి వెళ్లిన తేదీతో. తొందరగా కానీయండి అని ఎవరన్నా అన్నా సరే, ఆ రెండు నిమిషాలూ తీసుకోండి.

ఆర్డరు వచ్చాక కూడా పని ఉంటుంది. కొత్త పీపీవో స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) వచ్చినప్పుడు చూస్తే వైకల్యం 30 శాతానికే లెక్క కట్టారు, రౌండాఫ్ చేయలేదు. ఆర్డరులో ఆ పేరా మీద గీత గీసి, పీపీవోలో ఆ లైను మీద గీత గీసి, రెండూ జతచేసి స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ పెట్టించాను, పోస్టులో కూడా పంపాం. సవరించిన పీపీవో వచ్చింది, తేడా అరియర్స్ పడ్డాయి. డీఆర్ కలిసిందో లేదో నెలనెలా పట్టిక వేసుకుని చూసుకోమని చెప్పాను, వాళ్లావిడే ఒక నోటుబుక్కులో వేస్తోంది. చెవి విషయం వేరే దరఖాస్తుగా పంపాం, దాని మెడికల్ బోర్డుకి ఇంకా పిలుపు రాలేదు.